కువైట్‌లో ఇంటిపనికి వెళ్తున్నారా? అకామా పోకుండా చూసుకోవడం ఎలా

ఆత్మకూరులో మా జిరాక్సు షాపుకు పాస్‌పోర్టు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళు ముందు జీతం గురించే అడుగుతారు. ఉదయగిరి, వింజమూరు, దుత్తలూరు మెట్ట ఊళ్ళ నుంచి వస్తారు. అటు పామూరు, కనిగిరి వైపు నుంచి కూడా వస్తారు. వాన పడితే సేద్యం, లేకపోతే కూలి, అదీ దొరకకపోతే కువైట్. నేనూ అలాగే వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడి ఇళ్ళలో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా పనిచేసి వచ్చాను. అందుకే జీతం సంగతి తర్వాత, ముందు అకామా సంగతి వినండి అంటాను. అకామా అంటే కువైట్‌లో ఉండడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. అది ఉన్నంతకాలం మీకు ఒక ఇల్లు, ఒక జీతం, అడిగే హక్కు ఉంటాయి. అది పోయిన మర్నాటి నుంచి మిమ్మల్ని ఖల్లివల్లి, అంటే కాగితాలు లేని మనిషి అంటారు. పోలీసు బండి కనబడితే సందులోకి తప్పుకోవాలి, ఇచ్చినంత పుచ్చుకోవాలి, ఒళ్ళు బాగాలేకపోతే ఆసుపత్రికి వెళ్ళడానికి కూడా జంకాలి.

మా పిన్ని పాత రోజుల్లో అకామా లేకుండా బయటే తిరిగింది, ఏమీ కాలేదు అని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ రోజులు వేరు. కువైట్‌లో విదేశీయుల నివాసం మీద ఉన్న 1959 నాటి చట్టం స్థానంలో 2024లో 114వ నంబరు చట్టం తెచ్చారు. అది 2025 జనవరి 5 నుంచి అమలవుతోంది. వేలిముద్రలు, కంటి గుర్తులు అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. పేరు మార్చుకుని ఇంకో పాస్‌పోర్టు మీద వెళ్ళే దారి మూసుకుపోయింది.

బయలుదేరకముందు

పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ (పనికి వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) కింద వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో కువైట్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ అనే మన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా అనుమతి తీసుకోవాలి. ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండి ఉండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో ఆ పని చూసేది ఓంక్యాప్. ఇదంతా ఆలస్యమని విసుక్కోకండి. ఈ దారి తప్పించడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెట్టి, ముందు దుబాయో మస్కటో చేరండి, అక్కడి నుంచి మేం చూసుకుంటాం అంటారు. అలా వెళ్ళిన మనిషికి ఏ పుస్తకంలోనూ లెక్క ఉండదు. విజిట్ వీసా మీద కువైట్‌లో గడువు దాటి ఉంటే కొత్త చట్టం ప్రకారం రోజుకు 10 దినార్ల జరిమానా, గరిష్ఠంగా 2,000 దినార్లు. దినారు 270 రూపాయల పైమాటే. అంటే ఐదు లక్షలు దాటుతుంది. ఏజెంటు ఆ డబ్బు కట్టడు.

లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400కు మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వాలి. ఊళ్ళో టీకొట్టు దగ్గర కూర్చుని వీసాలు అమ్మే మనిషికి లైసెన్సు ఉండదు. లైసెన్సు ఉన్నవాళ్ళ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి, ఏ నెట్ సెంటర్లోనైనా చూడవచ్చు. మా దగ్గరికి వస్తే నేనే చూపిస్తాను, దానికి డబ్బులు తీసుకోను.

వీసా నంబరు కూడా చూసుకోండి. ఇంటిపనికి 20, కంపెనీ పనికి 18. ఇప్పుడు 20 మీద వెళ్ళండి, అక్కడ 18కి మార్పిస్తాం అనే మాట నమ్మి అప్పు చేయకండి. 2024 జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు అలా మార్చుకోనిచ్చిన మాట నిజమే. దానికి కూడా కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర ఏడాది పూర్తవ్వాలి, అతను ఒప్పుకోవాలి, 50 దినార్లు కట్టాలి. అటువంటి అవకాశం వచ్చినప్పుడు చూసుకోవచ్చు, వస్తుందని ముందే లెక్క వేసుకోకూడదు.

ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్ళకు 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి పది లక్షలు వస్తాయి. కట్టండి.

ఇంట్లో వదిలి వెళ్ళాల్సిన కాగితాలు

అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కాగితం, పని ఒప్పందం, వీటి జిరాక్సులు రెండు కట్టలు చేయండి. ఒకటి ఇంట్లో అమ్మ దగ్గరో భర్త దగ్గరో, ఇంకొకటి నమ్మకమైన బంధువుల ఇంట్లో ఉంచండి. ఫోనులో ఫొటో ఉంది కదా అంటారు. అక్కడ అడుగుపెట్టగానే ఫోను లాక్కునే ఇళ్ళు ఉన్నాయి. ఫోనుతో పాటు ఫొటో కూడా పోతుంది.

చేరిన తర్వాత మెడికల్, వేలిముద్రలు అయ్యాక సివిల్ ఐడీ కార్డు వస్తుంది. బతాకా అంటారు. దాని రెండు వైపులా ఫొటో తీసి ఇంటికి పంపండి. కార్డు మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ మీకూ తెలియాలి, ఊళ్ళో మీవాళ్ళకూ తెలియాలి. కఫీల్ అకామా కట్టాడా లేదా అని అతన్నే అడగాల్సిన పని లేదు, సహల్ అనే ప్రభుత్వ యాప్‌లో కనబడుతుంది.

ఇంకొకటి. అక్కడ ప్రతి ఇంటి గోడకూ చిన్న పలక ఉంటుంది, దాని మీద పాసీ నంబరు ఉంటుంది. ఆ నంబరు తెలిస్తే ఆ ఇల్లు ఎక్కడుందో సరిగ్గా కనిపెట్టవచ్చు. మొదటి వారంలోనే చెత్త సంచి బయట పెట్టే వంకతో వెళ్ళి ఆ పలకను ఫొటో తీయండి. ఫోను లేకపోతే నంబరు బట్టీ పట్టండి. మా అమ్మాయి కువైట్‌లోనే ఉంది, ఏ ఇంట్లోనో తెలియదు అని నా ఎదుట కూర్చుని ఏడ్చిన తల్లులను చూశాను. ఆ నంబరు ఉంటే ఆ ఏడుపు సగం తగ్గేది.

ఇంట్లో పరిస్థితి చెడితే

కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఇంటిపనివాళ్ళ కోసమే చేసింది. కనీస జీతం 60 దినార్లు, రోజుకు 12 గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు ఉండాలి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర పెట్టుకోకూడదు. జీతం ఆలస్యమైతే నెలకు 10 దినార్లు అదనంగా ఇవ్వాలి. మానేసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. ఇవి కాగితం మీద ఉన్నంత బాగా ఇళ్ళలో జరగవు. అయినా తెలుసుకోవాలి, ఫిర్యాదు వీటి మీదే నిలబడుతుంది.

జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా, గోడ దూకి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే జలీబ్ పేటలో తెలిసినవాళ్ళ గదికి పోకండి. నేను గట్టిగా చెప్పే మాట ఇది. మీరు వెళ్ళగానే కఫీల్ పారిపోయిందని కేసు పెడతాడు. ఆ కేసుతో తప్పు మీదైపోతుంది, అకామా పోతుంది, రావలసిన జీతం కూడా అడగలేని స్థితికి వస్తారు. బయటపడితే నేరుగా భారత రాయబార కార్యాలయానికి గానీ, కువైట్ ప్రభుత్వ కార్మిక సంస్థ మాన్‌పవర్ అథారిటీలోని ఇంటిపనివాళ్ళ విభాగానికి గానీ వెళ్ళండి. అదే రోజు వెళ్ళండి. మీ ఫిర్యాదు ముందు పడాలి. రాయబార కార్యాలయంలో ఆడవాళ్ళకు తలదాచుకునే చోటు ఉంది.

బయట గంటల లెక్కన పని చేస్తే ఇంట్లో కన్నా ఎక్కువ వస్తుందని ఆశ పెట్టేవాళ్ళు ఉంటారు. మొదట వస్తుంది కూడా. కానీ కొత్త చట్టంలో అకామా లేని మనిషికి పని ఇచ్చినవాళ్ళకూ, చోటు ఇచ్చినవాళ్ళకూ శిక్ష ఉంది. వాళ్ళు ఆ భయాన్నంతా మీ కూలిలోనే కోసుకుంటారు. ఇటు ఇంటిపనివాళ్ళకు గడువు దాటినందుకు రోజుకు 2 దినార్లు, గరిష్ఠంగా 600 దినార్లు జరిమానా పడుతుంది. 300 రోజులకు ఆ పరిమితి నిండిపోతుంది. ఇక పెరిగేదేముందని అక్కడే ఉండిపోతారు. చట్టం భయపెట్టి పంపించాలనుకుంది, నా కళ్ళకు మాత్రం అది పేదవాళ్ళను చీకట్లోకి నెట్టినట్టే కనబడుతుంది. నెలకు నూరు దినార్లు తెచ్చుకునే మనిషి 600 ఎక్కడి నుంచి తెస్తుంది?

ఇప్పటికే అకామా పోయినవాళ్ళకు

2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ఇచ్చింది. 2024లో మార్చి 17న మొదలై జూన్ 30 వరకు సాగింది. జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చు, మళ్ళీ కొత్త వీసా మీద రావచ్చు అన్నారు. గడువు ముగియగానే తనిఖీలు మొదలయ్యాయి. మళ్ళీ ఎప్పుడు ఇస్తారో చూద్దామని కూర్చోవద్దు. పట్టుబడి పంపేస్తే వేలిముద్రలు తీసుకుని తిరిగి రాకుండా చేస్తారు. అంతకన్నా మీ అంతట మీరే రాయబార కార్యాలయానికి వెళ్ళి దారి అడగడం మేలు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఔట్ పాస్, అంటే ఇంటికి తిరిగి రావడానికి పనికొచ్చే కాగితం ఇస్తారు. దానికి పాత పాస్‌పోర్టు జిరాక్సు అడుగుతారు. వింజమూరు వైపు అమ్మాయి ఒకామె 2024లో అలాగే వచ్చేసింది. వాళ్ళమ్మ పెట్టెలో ఉన్న జిరాక్సు నేనే వాట్సాప్‌లో పంపాను. టిక్కెట్టుకు డబ్బు లేని స్థితిలో ఉంటే ప్రవాస సంక్షేమ నిధి ఉంది, అడగండి.

ఊరికి సెలవు మీద వచ్చినవాళ్ళు కూడా తేదీ చూసుకోవాలి. ఇరవయ్యో నంబరు వీసా మీద ఉన్నవాళ్ళు నాలుగు నెలలకు మించి కువైట్ బయట ఉంటే అకామా రద్దవుతుంది. ఇదివరకు ఆరు నెలలు ఉండేది. చెల్లెలి పెళ్ళి అయ్యాక వెళ్తాను, పండగ చూసుకుని వెళ్తాను అని జరుపుకుంటూ పోవద్దు. తప్పనిసరి అయితే కఫీల్ చేత ముందే అనుమతి పెట్టించండి.

ఇంటి దగ్గర ఉండేవాళ్ళకు ఒక పని చెబుతాను. ఫోను రాకపోతే ఏజెంటు చుట్టూ తిరుగుతూ రోజులు పోగొట్టకండి. ప్రవాసుల కోసం మన కేంద్ర ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు 1800 11 3090కి ఫోను చేయండి, మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు నంబరు, సివిల్ ఐడీ నంబరు, కఫీల్ పేరు, పాసీ నంబరు ఒకే కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకుని మాట్లాడండి. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది కూడా అదే కాగితం మీద రాయండి.