సౌత్ జార్జియాలో దిగేముందు

అంటార్కిటికా ఓడయాత్ర బుక్ చేసుకున్నవాళ్లకు చలి గురించే టెన్షన్. దారిలో దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవి కూడా ఉంటే మాత్రం ముందు చూసుకోవాల్సినవి బూట్లు, జేబులు.

ఈ బ్రిటిష్ దీవిలో స్థిరంగా కాపురముండేవాళ్లు లేరు. కొద్దిమంది అధికారులు, శాస్త్రవేత్తలు వంతులవారీగా వచ్చిపోతుంటారు. విమానాలు దిగే చోటు లేదు. ఫాక్‌లాండ్స్ దీవుల నుంచి సుమారు 1,400 కిలోమీటర్లు సముద్రమే. బీపీ, షుగర్ మాత్రలు కనీసం రెండు వారాలకు అదనంగా పెట్టుకోండి.

ఓడల్లో వచ్చిపడ్డ ఎలుకలు ఇక్కడి పక్షుల గుడ్లనూ పిల్లలనూ ఏళ్ల తరబడి తినేశాయి. హెలికాప్టర్లతో విషపు ఎర చల్లి వాటిని వదిలించుకున్నారు. దీవిలో ఇక ఎలుకల్లేవని 2018లో ప్రకటించారు. అంత కష్టపడ్డారు కాబట్టే దీవిలో దిగేముందు బట్టలు, బూట్ల తనిఖీ అంత గట్టిగా ఉంటుంది. వెల్క్రో పట్టీల్లో, బూట్ల అడుగు గాళ్లలో ఇరుక్కున్న మట్టినీ గడ్డిగింజలనూ పిన్నీసుతో గీకి తీయండి. జేబు మూలలు బయటకు లాగి దులపండి. మనవాళ్ల జేబుల్లో సోంపు పలుకులు ఉండనే ఉంటాయి, అవీ గింజలే.

నవంబర్, డిసెంబర్ నెలల్లో మగ ఫర్ సీళ్లు (ఒత్తైన బొచ్చుండే సముద్ర జంతువులు) ఒడ్డును పంచుకుని కాపలా కాస్తుంటాయి. మీదికొస్తే వెనక్కి తిరిగి పరుగెత్తకండి, తరుముతాయి. దానికేసే చూస్తూ, చేతులు చాచి, మెల్లగా వెనక్కి జరగండి. ఎత్తుగా పెరిగిన గడ్డి దుబ్బుల మధ్య కనపడకుండా పడుకుని ఉంటాయి, అక్కడ గైడ్ వెనకే నడవండి. కరిస్తే గాయం త్వరగా చీము పడుతుంది. చిన్నదైనా ఓడ డాక్టరుకు చూపించాలి.

2023లో బర్డ్ ఫ్లూ కూడా ఇక్కడికి చేరింది. అందుకే ఫొటో కోసం నేలమీద కూర్చోవద్దు, మోకాళ్లు ఆనించవద్దు, బ్యాగు కింద పెట్టవద్దు.

1904లో దీవిలోని గ్రిట్వికెన్ స్థావరంలో మొదలైన తిమింగలాల వేట 1960ల వరకూ సాగింది. శుభ్రం చేసిన గ్రిట్వికెన్‌లో తిరగొచ్చు, అంటార్కిటికా అన్వేషకుడు షాకిల్టన్ సమాధి అక్కడే ఉంది. 1916లో ఆయన కొండలు దాటి చేరుకున్న మరో పాత వేట స్థావరం స్ట్రామ్‌నెస్‌లో మాత్రం ఆస్బెస్టాస్, ఊడిపడే రేకులు. 200 మీటర్ల దూరంలోనే ఆగిపోవాలి.

2,900 మీటర్లు దాటిన పేజెట్ శిఖరం, దాని చుట్టూ హిమనదాలు. అక్కడినుంచి దూసుకొచ్చే గాలి నిమిషాల్లో వాతావరణం మార్చేస్తుంది. దిగడం రద్దు చేస్తే డబ్బు కట్టామని వాదించకండి. రాత్రి క్యాబిన్ కర్టెన్లు మూసేయండి, వెలుతురుకు పక్షులు ఓడకు గుద్దుకుంటాయి. డెక్ మీద పక్షి పడి ఉంటే చేత్తో పట్టుకోకుండా సిబ్బందికి చెప్పండి.