లెక్కల క్లాసులో మాట్లాడించడం, 3వ భాగం: క్లాసుని రెండుగా చీల్చే ప్రశ్న

పోయిన భాగంలో పిల్లల్ని జతలుగా కూర్చోబెట్టడం దాకా వచ్చాం. ఇప్పుడు అసలు పని, వాళ్ల ముందు ఏ ప్రశ్న పెట్టాలి అన్నది.

"అర్థమైందా?" అనేది ప్రశ్న కాదు. విశాఖలో ఏ డిగ్రీ కాలేజీలో అడిగినా "అయింది సార్" అనే వస్తుంది, వెనక బెంచీ నుంచి ఇంకాస్త గట్టిగా వస్తుంది.

రియల్ ఎనాలిసిస్‌లో కోషీ సీక్వెన్స్ (ముందుకెళ్లేకొద్దీ ఏ రెండు పదాలైనా ఒకదానికొకటి ఎంత కావాలంటే అంత దగ్గరయ్యే సంఖ్యల వరుస) చెప్పబోయే ముందు బోర్డు మీద ఇది రాయండి: పక్కపక్క పదాల మధ్య తేడా సున్నాకి పోతున్న సీక్వెన్స్ కన్వర్జ్ అవుతుందా (ఒకే సంఖ్య దగ్గరికి చేరుతుందా)?
ఎ. తప్పకుండా అవుతుంది.
బి. బౌండెడ్ అయితే (పదాలన్నీ రెండు హద్దుల మధ్యే ఉంటే) అవుతుంది.
సి. బౌండెడ్ అయినా అవ్వాలని లేదు.

రెండు నిమిషాలు ఎవరూ నోరెత్తకూడదు, మీరు కూడా (మన వృత్తిలో ఇంతకంటే కష్టమైన పని లేదు). తర్వాత ఛాతీ దగ్గర వేళ్లు పెట్టి జవాబు చూపించమనండి, చేతులెత్తమంటే ఫస్ట్ ర్యాంకు వాణ్ణి చూసి మిగతావాళ్లు ఎత్తేస్తారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మందికి వస్తేనే చర్చకి వదలాలి, తక్కువైతే మళ్లీ చెప్పుకోవాలి, ఎక్కువైతే రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్లిపోవాలి. మనవాళ్లకి ఎంసెట్ రోజుల అలవాటు, ఆప్షన్ కనిపిస్తే చాలు టిక్కు పెట్టేస్తారు, అందుకని "జవాబేది" అనకుండా "వేరే జవాబు చెప్పినవాణ్ణి ఒప్పించు" అనండి.

తెలుగులోనే కొట్టుకోనివ్వండి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్నవాణ్ణి ఇంగ్లీషులో వాదించమంటే చర్చ అక్కడితో సరి. వదిలేస్తే ఇలా ఉంటుంది:

"తేడా సున్నాకి పోతే ఇంకెక్కడికి పోతాదిరా?"

"రూట్ ఎన్ తీసుకో. పోతానే ఉంటాది."

ఎ అయిపోయింది: ఎన్‌వ పదం రూట్ ఎన్ అయితే పక్కపక్క తేడాలు సున్నాకి పోతాయి, పదాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. గొడవంతా బి దగ్గరే. ఒకమ్మాయి అంది, "కోస్టల్ బ్యాటరీ నుంచి వుడా పార్కు దాకా బీచ్ రోడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాననుకో, అడుగు ఒకటి, అర, మూడో వంతు అలా చిన్నది చేసుకుంటూ పోయినా మొత్తం నడక అనంతమే కదా, ఇంకెందుకు ఆగాలి?" ఈ మాటని సైన్ రూట్ ఎన్‌గా బోర్డు ఎక్కించడం మీ పని, అంతకు ముందు చాక్‌పీస్ ముట్టుకోకండి. సైన్‌ల తేడా రూట్‌ల తేడాని దాటదు, కాబట్టి సున్నాకి పోతుంది. కానీ రూట్ ఎన్ చిన్న చిన్న అడుగులతో అనంతానికి పోతుంది కాబట్టి సైన్ విలువ 1 దగ్గరికీ, మైనస్ 1 దగ్గరికీ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. జవాబు సి. ఇప్పుడు కోషీ నిర్వచనం రాయండి, అందులో "పక్కపక్క" అని కాకుండా "ఏ రెండైనా" అని ఎందుకుందో వాళ్లే చెప్తారు.

ఇలా అయితే సిలబస్ ఎప్పటికవుతుంది అని హెచ్‌ఓడీ గారు అడుగుతారు, న్యాయమే. సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల క్లాసుల మీద జరిగిన 225 అధ్యయనాల్ని కలిపి 2014లో అమెరికాలో చూశారు: ఉత్త లెక్చర్ క్లాసుల్లో 34 శాతం దాకా తప్పారు, పిల్లల చేత పని చేయించిన క్లాసుల్లో 22 శాతం. నా మటుకు నేను వారానికి ఒక్క ప్రశ్నతో మొదలెట్టమంటాను, అన్ని క్లాసులూ మార్చేయబోతే నెలకే నీరసం వస్తుంది.

ఈ వారం పని: యూనిఫామ్ కంటిన్యుటీ మీద ఇలాంటి ప్రశ్న ఒకటి తయారుచేసి, ముందు స్టాఫ్ రూములో ఇద్దరికి ఇవ్వండి. ఇద్దరూ టక్కున ఒకటే జవాబు చెప్తే దాన్ని చింపేసి ఇంకోటి రాయండి.