పార్టీలో ఎవరి దెబ్బ గట్టిది? లెక్క తేడా కొట్టినప్పుడు చూడాల్సినవి

మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) ఆట తిరుపతి బైరాగిపట్టెడలో, ఒక మేడ మీద గదిలో, ఆదివారం మధ్యాహ్నం భోంచేశాక మొదలవుతుంది. నేను డీఎం, అంటే కథ నడుపుతూ శత్రువుల తరఫున ఆడేవాణ్ని. లెవెల్ 5 వచ్చేదాకా అంతా బాగానే ఉంది. ఆ తర్వాత ఒకరోజు రోగ్ (అదను చూసి కొట్టే దొంగ తరహా పాత్ర) ఆడేవాడు పాచికలు డబ్బాలో పడేసి, "అన్నా, పాలడిన్ ఒక్క రౌండులో యాభై పీకేస్తున్నాడు, నేను మిస్సులు కొట్టుకుంటా కూర్చున్నా. నా క్లాసే దండగ" అన్నాడు. ఆ వేడిలో నేను పాలడిన్‌కి (దైవశక్తి ఉన్న యోధుడి క్లాసు, అంటే పాత్ర రకం) టర్నుకి, అంటే ఒక్కో వంతుకి, ఒక్క స్మైటే (దెబ్బకి కలిపే దైవశక్తి) అని రూలు పెట్టేశాను. ఆ తర్వాతి ఆదివారం పాలడిన్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. తప్పు వాడి క్లాసులో లేదని, నేను ఆట నడిపే తీరులో ఉందని తెలియడానికి నెల పట్టింది. మీ దగ్గర కూడా ఇలాంటి గొడవ ఉంటే, రూలు మార్చే ముందు ఇవి చూడండి.

ఇక్కడి అంకెలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. 2024 సవరణలో స్మైట్ బోనస్ యాక్షన్‌తో (టర్నుకి ఒక్కసారే దొరికే అదనపు చర్య) వేసే మంత్రమైంది, అంటే టర్నుకి ఒక్కటే. "చూశారా, నా రూలే పుస్తకంలోకి ఎక్కింది" అని మావాళ్లని ఏడిపిస్తుంటాను గానీ, అది వేరే సంగతి.

ముందు ఒక కొలబద్ద

అందరినీ ఒకే శత్రువు ముందు నిలబెట్టకపోతే పోలిక కుదరదు. లెవెల్ 5, ముఖ్యమైన స్కోరు (బలం లాంటిది) 18, అంటే పాచికకి +4. ప్రొఫిషియన్సీ (నైపుణ్యం బోనస్) +3. దాడికి మొత్తం +7. శత్రువు ఏసీ 15 అనుకుందాం (మే నెలలో మా గదికి లేని ఏసీ కాదు, ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె). డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద 8 లేదా ఆపైన పడితే తగులుతుంది. ఇరవైలో పదమూడు ముఖాలు, 65 శాతం.

లెక్క ఇలా వేయాలి: తగిలే అవకాశాన్ని సగటు డ్యామేజీతో గుణించి, దానికి 5 శాతం క్రిటికల్ (డీ20 మీద 20 పడటం) వల్ల వచ్చే అదనపు పాచికల సగటు కలపాలి. క్రిటికల్‌లో పాచికలే రెట్టింపు, +4 కాదు. ఇక్కడే సగం మంది తప్పుతారు.

గ్రేట్‌స్వోర్డ్ ఫైటర్: 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) సగటు 7, +4తో 11. రెండు దాడులు. రౌండుకి (అందరి వంతులూ ఒక చుట్టు తిరిగితే) 15.
రేపియర్ రోగ్: 1డీ8, +4, స్నీక్ అటాక్ (అదను దొరికితే కలిసే అదనపు దెబ్బ) 3డీ6, మొత్తం 19. ఒక్క దాడి. రౌండుకి 13.1.
ఫైర్ బోల్ట్ విజార్డ్: 2డీ10, రౌండుకి 7.7.

పాలడిన్‌కీ లెవెల్ 5లో రెండు దాడులుంటాయి కాబట్టి స్మైట్ లేకుండా అతనిదీ 15. చూస్తే ఫైటర్‌కి, రోగ్‌కి మధ్య రెండు పాయింట్ల తేడా. ఇంత చిన్న తేడాకి పాచికలు విసిరేసేంత కోపం రాదు. మరి ఎక్కడ తేడా కొట్టింది?

"పాలడిన్ అందరినీ తినేస్తున్నాడు"

కారణం: రోజుకి ఒక్కటే యుద్ధం.

లెవెల్ 5 పాలడిన్ దగ్గర మొదటి లెవెల్ స్లాట్లు (మంత్రశక్తి వాడుకునే అవకాశాలు) 4, రెండో లెవెల్‌వి 2. మొదటి వాటితో స్మైట్ 2డీ8, సగటు 9. రెండో వాటితో 3డీ8, సగటు 13.5. అన్నీ తగిలాయనుకుంటే మొత్తం 63. లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర) దాకా అతని పెట్టుబడి అంతే. ఫైటర్ యాక్షన్ సర్జ్ ఒక్కసారికి రెండు అదనపు దాడులు, అంటే సుమారు 15. కానీ అది షార్ట్ రెస్ట్‌తోనే (మధ్యలో కాసేపు విశ్రాంతి) తిరిగొస్తుంది.

నాలుగు రౌండ్ల ఒక్క యుద్ధమే ఉంటే పాలడిన్ 60కి 63 కలిపి 123 కొడతాడు, రౌండుకి 31. ఫైటర్ 60కి 15 కలిపి 75, రౌండుకి 19 కూడా దాటడు. ఘోరంగా ఉంది కదా. ఇప్పుడు అదే రోజుని ఆరు యుద్ధాలు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు చేయండి. 24 రౌండ్లు. పాలడిన్ 360కి 63, అంటే 423. ఫైటర్ 360కి మూడు సర్జుల 45, అంటే 405. రౌండుకి 17.6, 16.9. దాదాపు సమానం! 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ కూడా రోజుకి ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన యుద్ధాలు, రెండు షార్ట్ రెస్టులు అనే లెక్క మీదే నడుస్తుంది.

అలిపిరి దగ్గర మొదటి రెండొందల మెట్లు పరిగెత్తినవాణ్ని చూసి మన ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. 3,550 మెట్లున్నాయి నాయనా, మోకాళ్ల పర్వతం దగ్గర కలుద్దాం అంటారు. నేను మాత్రం ఆ రెండొందల మెట్లు చూసే పాలడిన్‌కి రూలు పెట్టాను.

పరిష్కారం: మూడు గంటల ఆటలో ఆరు యుద్ధాలు ఎవరి వల్లా కాదు, నాకు తెలుసు. అవసరం కూడా లేదు. ఆట ఆగినచోట ఆటలో రాత్రి అవ్వాలని ఎక్కడుంది? మేము ప్రతి ఆదివారం నిండు స్లాట్లతో మొదలుపెట్టేవాళ్లం, అసలు జబ్బు అదే. ఇప్పుడు ఆట ఆపేముందు ఎవరి దగ్గర ఏం మిగిలిందో క్యారెక్టర్ షీట్ మీద పెన్సిల్‌తో రాసుకుంటాం. చంద్రగిరి రాజమహల్‌ని చూసి గీసిన మ్యాపులో ఒక్క పగలు మాకు మూడు ఆదివారాలు పట్టింది. మూడో వారం పాలడిన్ ఉత్త కత్తితోనే యుద్ధం చేశాడు. ఆ స్మైట్ రూలు కూడా తీసేశాను.

"నేను ఎప్పుడూ సున్నానే"

రోగ్ బాధ ఇది. సగటు దాదాపు సమానమే అయినా అనుభవం వేరు. రోగ్‌ది ఒక్క దాడి, కాబట్టి నూటికి 35 రౌండ్లు వట్టి చేతులు. ఫైటర్ రెండు దాడులూ తప్పేది 12 శాతమే. మనిషికి సగటు గుర్తుండదు, తన వంతు వచ్చి ఉత్తగా పోయిన రౌండే గుర్తుంటుంది.

ఇక్కడ డీఎం తప్పు కూడా ఉండొచ్చు, ముందు అది చూడండి. స్నీక్ అటాక్‌కి దాక్కోవాల్సిన పనిలేదు. శత్రువుకి అయిదడుగుల్లో మన మనిషి ఒకడు స్పృహలో ఉంటే చాలు, రోగ్ దాడికి డిసడ్వాంటేజ్ (రెండు డీ20లు వేసి తక్కువది తీసుకోవడం) లేకుండా ఉంటే సరి. లేదంటే అడ్వాంటేజ్ (రెండిట్లో ఎక్కువది తీసుకోవడం) ఉండాలి. ఆయుధం మాత్రం ఫినెస్‌దో (రేపియర్ లాంటిది), దూరం నుంచి కొట్టేదో కావాలి. మూడో ఎడిషన్ ఆడి వచ్చిన పెద్దన్నలు అస్థిపంజరాల మీద స్నీక్ అటాక్ పనిచేయదంటారు. ఆ ఎడిషన్‌లో నిజమే, ఇందులో కాదు. ఇంకో మాట, అది రౌండుకి ఒకసారి కాదు, టర్నుకి ఒకసారి. శత్రువు తన వంతులో పారిపోతుంటే రియాక్షన్‌తో (మన వంతు కాకపోయినా చేసే చర్య) కొట్టే దెబ్బకీ వర్తిస్తుంది.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా సున్నాలు తగ్గకపోతే అడ్వాంటేజ్ సంపాదించాలి. దానితో తగిలే అవకాశం 65 నుంచి దాదాపు 88 శాతానికి చేరుతుంది, రౌండు సగటు 18.1 అవుతుంది. అప్పుడు ఫైటర్‌ని కూడా దాటేస్తాడు.

"విజార్డ్ ఒక్క ఫైర్‌బాల్‌తో 112 కొట్టాడు"

కొట్టలేదు. 8డీ6 సగటు 28 కాబట్టి నలుగురు గోబ్లిన్ల మీద కాగితం మీద 112. గోబ్లిన్ హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 7. నలుగురిదీ కలిపితే 28. పోయిన హెచ్‌పీనే రాసుకోండి, చచ్చినవాణ్ని ఇంకా కొట్టినది రాయొద్దు.

"ఏసీ ఎక్కువైతే గ్రేట్ వెపన్ మాస్టర్ పనిచేయట్లేదు"

దాడికి −5, డ్యామేజీకి +10 ఇచ్చే ఫీట్ (పాత్ర నేర్చుకునే ప్రత్యేక విద్య) సంగతి ఇది. ఏసీ 15 మీద ఫైటర్ 15 కాస్తా 17.5 అవుతుంది, లాభం. ఏసీ 18 మీద మామూలు దాడి 11.7, ఫీట్‌తో 11.2. నష్టం చిన్నదే, కానీ నష్టమే. ప్రతి దాడికీ వాడాలన్న నియమం లేదు, ఇనుప తొడుగువాడు ఎదురైతే మానేయడమే. ఇక్కడ బలం 18తో పాటు ఫీట్ కూడా ఉందనుకున్నాను. లెవెల్ 4లో స్కోరు పెంచుకోకుండా ఫీట్ తీసుకున్నవాడికి అంకెలు ఇంకా తగ్గుతాయి.

"క్లెరిక్ ఏమీ పీకట్లేదు"

ఇది నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించే ఫిర్యాదు. క్లెరిక్ (దైవ మంత్రాలు వేసే పూజారి పాత్ర) బ్లెస్ మంత్రం వేస్తే ముగ్గురి దాడులకి 1డీ4, సగటున 2.5 కలుస్తుంది. అంటే తగిలే అవకాశం 12.5 శాతం పెరుగుతుంది. ఫైటర్‌కి రౌండుకి 2.75, పాలడిన్‌కి 2.75, రోగ్‌కి దాదాపు 2.4. మొత్తం దాదాపు 8, ఒక్క మొదటి లెవెల్ స్లాటుకి! విజార్డ్ ఫైర్ బోల్ట్ కన్నా ఎక్కువ, పైగా క్లెరిక్ గద తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆ 8ని క్లెరిక్ పేరు మీద రాయండి. దెబ్బ తిని కాన్సన్‌ట్రేషన్ (మంత్రాన్ని నిలబెట్టే ఏకాగ్రత) పోతే ఇదంతా పోతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఇవన్నీ చూశాక కూడా ఒకరు వెనకబడితే

ముందున్నవాడిది కోయొద్దు, వెనకున్నవాడికి ఇవ్వండి. కానీ చూసి ఇవ్వాలి. నేను రోగ్‌కి +1 రేపియర్ ఇద్దామనుకున్నాను. లెక్క వేస్తే 13.1 నుంచి దాదాపు 14.8 అయింది. అదే +1 కత్తి ఫైటర్‌కి ఇస్తే 15 నుంచి 17.5. రెండు దాడులవాడికే లాభం ఎక్కువ.

చివరికి దారి విజార్డ్ దగ్గర దొరికింది. ఫైండ్ ఫెమిలియర్ మంత్రంతో పిలిచిన గుడ్లగూబ ఎగిరొచ్చి, శత్రువు దృష్టి మళ్లించి, ఎదురు దెబ్బ తినకుండా వెళ్లిపోతుంది. దాని హెల్ప్ వల్ల రోగ్‌కి అడ్వాంటేజ్. ఖర్చు లేని 18.1. దాని హెచ్‌పీ 1 మాత్రమే, నా గోబ్లిన్లు ఇప్పుడు మొదటి బాణం దానికే వేస్తున్నాయి. మళ్లీ పిలవాలంటే 10 బంగారు నాణేల సామగ్రి కావాలి, అది రోగ్ వాటాలోంచే పోవాలని విజార్డ్ తేల్చేశాడు.