సీ డ్రైవ్ నిండిపోయిందా? చోటు ఎటు పోయిందో కనిపెట్టడం ఎలా?

సీ డ్రైవ్ పట్టీ ఎర్రబడగానే చాలామంది డాక్యుమెంట్స్‌లో దూరి పాత వర్డ్ ఫైళ్లు ఏరడం మొదలుపెడతారు. ఒక్కొక్కటి 50 కేబీ ఉండే ఫైళ్లు వంద తీసేసినా దక్కేది 5 ఎంబీ. అదే సమయంలో ఎప్పుడో దించుకుని మరచిపోయిన సినిమా ఒకటి 4 జీబీ మింగి డౌన్‌లోడ్స్‌లో కూర్చుని ఉంటుంది. అందుకే చెరపడం తర్వాత, చూడటం ముందు. ఇక్కడ చెబుతున్నది విండోస్ 11 పద్ధతి. విండోస్ 10లోనూ దాదాపు ఇలాగే ఉంటుంది.

ముందు మొత్తం ఎంతో చూడండి

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దిస్ పీసీ నొక్కితే ఒక్కో డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కనిపిస్తుంది. 1 టీబీ అని కొన్న డిస్కు అక్కడ 931 జీబీయే చూపిస్తుంది. దుకాణంవాడిని తిట్టుకోనక్కరలేదు. తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024 బైట్లయితేనే ఒక కేబీ, 1024 కేబీలయితేనే ఒక ఎంబీ అంటూ పైకి కడుతుంది. ఆ లెక్కన 512 జీబీ డిస్కు 476గా, 256 జీబీది 238గా తేలుతుంది.

తర్వాత సెట్టింగ్స్‌లో పద్దులు

విండోస్ కీ పట్టుకుని ఐ నొక్కండి. సిస్టమ్‌లోకి, అందులో స్టోరేజ్‌లోకి వెళ్లండి. కొద్ది సేపట్లో యాప్‌లకు ఎంత, తాత్కాలిక ఫైళ్లకు ఎంత అని పద్దులు తేలతాయి. షో మోర్ కేటగిరీస్ నొక్కితే మిగతావీ కనిపిస్తాయి.

టెంపరరీ ఫైల్స్ అన్న వరుసను తెరిచి చూడండి. పెద్ద అప్‌డేట్ తర్వాత పాత విండోస్ మొత్తం విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో ఉండిపోతుంది. మామూలుగా 10 రోజులకు దానంతట అదే పోతుంది, తొందరుంటే ఇక్కడినుంచే తీసేయవచ్చు. కానీ తీసేస్తే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది. చూసుకోకుండా అన్నింటికీ టిక్కు పెట్టారంటే కరెంటు బిల్లుల రసీదులు, పిల్లల మార్కుల జాబితాలు కలిపి ఊడ్చుకుపోతాయి.

అసలు దొంగను పట్టేది బొమ్మతోనే

ఎక్స్‌ప్లోరర్ వరుసల్లో ఫైలు సైజు చూపిస్తుంది గానీ ఫోల్డర్ సైజు చూపించదు. ఆ లోటు తీర్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు విన్‌డర్‌స్టాట్, విజ్‌ట్రీ వంటివి ఉన్నాయి. వీటిలో డ్రైవ్ మొత్తం ఒక పెద్ద చతురస్రంలా పరుచుకుంటుంది. ఎంత పెద్ద ఫైలైతే అంత పెద్ద గడి. ఈ రకం బొమ్మను 1990లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ రూపొందించారు. ఆయన ప్రయోగశాలలో 14 మంది కలిసి వాడుకునే 80 ఎంబీ డిస్కు నిండిపోయి, చోటు తిన్నదెవరో తేల్చాల్సి వచ్చిందట! అవసరం మారలేదు, డిస్కులే పెరిగాయి.

సాఫ్ట్‌వేర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సీ డ్రైవ్ ఎంచుకుని, అతిపెద్ద గడి మీద నొక్కండి. అది ఏ ఫోల్డర్‌లో ఉందో తెలిసిపోతుంది. చాలా కంప్యూటర్లలో ఆ దారి యూజర్స్‌లో దాగి ఉండే యాప్‌డేటా ఫోల్డర్‌కు తీసుకెళుతుంది. బ్రౌజర్లు పోగేసిన క్యాష్ (చూసిన వెబ్ పేజీల తాత్కాలిక నకళ్లు), చాటింగ్ యాప్‌ల ఫొటోలు, ఐట్యూన్స్ తీసిన ఫోను బ్యాకప్‌లు అక్కడే పేరుకుంటాయి. వాటిని నేరుగా ఆ ఫోల్డర్‌లోంచి తీయకండి. ఆయా యాప్ తెరిచి, దాని సెట్టింగ్స్‌లోనే శుభ్రం చేయండి.

పెద్దవే గానీ దొంగలు కానివి

సీ డ్రైవ్ మొదట్లోనే పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అనే రెండు భారీ ఫైళ్లు కనబడతాయి. ర్యామ్, అంటే తెరిచి ఉన్న పనులను కంప్యూటర్ ఉంచుకునే తాత్కాలిక మెమరీ, చాలనప్పుడు విండోస్ వాడుకునేది మొదటిది. హైబర్నేట్ చేసినప్పుడు, అంటే తెరిచిన పనులు తెరిచినట్టే ఉంచి కంప్యూటర్ ఆపినప్పుడు, ర్యామ్‌లోని సరుకు దాచేది రెండోది. ఇది మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే 16 జీబీ ర్యామ్‌కు 6 జీబీ పైనే. హైబర్నేషన్ ఆపేస్తే అంత చోటూ తిరిగొస్తుంది. కాకపోతే కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. చోటుకు మరీ కటకటగా ఉంటే తప్ప నేనైతే దాని జోలికి వెళ్లను.

విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్‌ను అసలు ముట్టుకోకండి. ఎక్స్‌ప్లోరర్ చూపించేంత చోటు అది నిజంగా తినదు. అందులోని చాలా ఫైళ్లు విండోస్ ఫోల్డర్‌లో మరోచోట కూడా కనిపించేవే. ఒకే ఇంటికి రెండు వాకిళ్లున్నట్టు, ఫైలు ఒక్కటే, దారులు రెండు. ఎక్స్‌ప్లోరర్ రెండుసార్లూ లెక్కేస్తుంది.

రెండు సైజులెందుకు?

ఏ ఫైలు మీదైనా కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్ చూస్తే సైజ్, సైజ్ ఆన్ డిస్క్ అని రెండు అంకెలుంటాయి. విండోస్ డిస్కును మామూలుగా 4 కేబీల ముక్కలుగా పంచుతుంది. 5 కేబీ ఫైలుకు రెండు ముక్కలు కావాలి కాబట్టి అది 8 కేబీ ఆక్రమిస్తుంది. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో దీనికి తలకిందులు: ఇంటర్నెట్‌లోనే ఉన్న 2 జీబీ వీడియోకు సైజ్ ఆన్ డిస్క్ సున్నా. దాన్ని చెరిపినా డిస్కులో చోటు మిగలదు సరికదా, వీడియో వన్‌డ్రైవ్‌లోంచి కూడా పోతుంది.

ఇంత చేసినా అంకెలు కలవకపోతే రెండు చోట్లు చూడండి. ఒకటి, రీసైకిల్ బిన్: అది ఖాళీ అయ్యేదాకా చెరిపినవన్నీ డిస్కులోనే ఉంటాయి. రెండోది రీస్టోర్ పాయింట్లు, అంటే ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లేందుకు విండోస్ దాచుకునే పాత స్థితులు. స్టార్ట్ మెనూలో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి, సీ డ్రైవ్ ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కితే అవి ఎన్ని జీబీలు వాడుతున్నాయో కనిపిస్తుంది. పరిమితి తగ్గించే మీట కూడా అక్కడే ఉంటుంది.