అటకమీద పడున్న పాత పనిముట్లు ఇంకొకరికి పనికొచ్చేలా ఇవ్వడం ఎలా

తాతయ్య వాడిన ఉలి, రంపం, చిత్రిక తుప్పు పట్టాయని పాతసామాన్లవాడికి కేజీల లెక్కన వేసేయకండి ప్లీజ్, వడ్రంగం కొత్తగా మొదలుపెట్టే కుర్రాడికి అవే బతుకుతెరువు.

ముందు తుప్పు సంగతి చూడాలి. పిడి ఊడదీసి ఇనుప భాగాన్ని వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే స్టీల్ పీచుతో రుద్ది, వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే బాగా తుడిచి ఆరబెట్టి మెషీన్ ఆయిల్ రాయాలి, తడి ఉంటే గంటల్లోనే మళ్లీ తుప్పొస్తుంది. ఉలిని 25 నుంచి 30 డిగ్రీల వాలులో సానపట్టండి. చెక్క పిడికి అవిసె నూనె పట్టించొచ్చు, కానీ ఆ గుడ్డ ఉండచుట్టి పడేయొద్దు, దానంతటదే నిప్పంటుకోవచ్చు, పరిచి ఆరబెట్టాలి.

సుత్తి తల కదులుతుంటే పిడి మార్చాకే ఇవ్వండి, ఊడి ఎవరికైనా తగిలితే మన దానం వాళ్ల ప్రాణాలమీదకొస్తుంది.

ఎవరికివ్వాలంటే, దగ్గర్లో ఐటీఐలో కార్పెంటర్, ఫిట్టర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి, అవసరమున్న పిల్లలెవరో ఆయనకి తెలుస్తుంది. యూకేలో ఉన్న మనవాళ్లయితే టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే చారిటీకి ఇవ్వొచ్చు, అక్కడ వాలంటీర్లు బాగుచేసి ఆఫ్రికాలో చేతిపని నేర్చుకునేవాళ్లకి పంపుతారు.