పేషెంటు మనసును ఎలా చూసుకున్నామో కొలవాలంటే

చాలాకాలం సర్జికల్ వార్డులో సిస్టర్‌గా చేసి, ఇప్పుడు క్వాలిటీ విభాగంలో ఉన్నాను. ఇంజెక్షన్ టైముకి ఇచ్చారా లేదా అన్నది కేస్ షీట్ తిప్పితే తెలిసిపోతుంది. భయపడుతున్న మనిషికి ఎవరైనా ధైర్యం చెప్పారా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. పేషెంటునే అడగాలి.

ఎప్పుడు అడుగుతామన్నది చాలా ముఖ్యం. డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఇచ్చే ఫారాన్ని నమ్మొద్దు. దాన్ని నింపేది పేషెంటు కాదు, బండి మాట్లాడుకుని వచ్చిన కొడుకో అల్లుడో. పైగా కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ ఇక్కడికే రావాలి కదా, సిస్టర్ కసిరిందని ఎవరు రాస్తారు? అమెరికాలో 2008 నుంచి ఆసుపత్రులవారీగా ఫలితాలు బయటపెడుతున్న హెచ్‌క్యాప్స్ సర్వేలో కూడా డిశ్చార్జ్ తర్వాత 48 గంటలు గడిచాకే పేషెంటును అడుగుతారు. ఇంటికెళ్లిన వారానికి ఫోన్ చేయడం మంచిదని నా అభిప్రాయం. ఆ వార్డులో పనిచేయనివాళ్లే చేయాలి. ఫోన్ కొడుకు ఎత్తితే "అమ్మకు ఒకసారి ఇస్తారా?" అని అడగండి. పక్కన కోడలు అందిస్తున్న జవాబులు రాసుకోవద్దు.

"మా సేవలు బాగున్నాయా?" అని మాత్రం అడక్కండి. "ఆఁ, బాగా చూశారమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఏం జరిగిందో అడగండి. మీరు చెప్పేది సిస్టర్లు పూర్తిగా విన్నారా? రాత్రి పిలిస్తే విసుక్కోకుండా వచ్చారా? రౌండ్స్‌లో డాక్టరుగారు మీతో మాట్లాడారా, మీవాళ్లతోనే మాట్లాడి వెళ్లారా? మీ దిగులు చెప్పుకోవడానికి ఆసుపత్రిలో ఒక్కరైనా దొరికారా? ఈ చివరి ప్రశ్న బ్రిటన్ ఆసుపత్రుల సర్వేల్లో కూడా అడిగారు. నాకు ఒకే ప్రశ్న అడిగే వీలుంటే దీన్నే అడుగుతాను.

మన వార్డుల్లో మాత్రమే పుట్టే ప్రశ్నలు కూడా చేర్చుకోవాలి. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లే ముందు పుస్తెలతాడు తీయమంటాం. కొందరు సిస్టర్లు ముందురోజే చెప్పి, పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకునేదాకా ఆగి, తీసిన తాడును ఆమె ఎదురుగానే భర్త చేతిలో పెడతారు. కొందరు స్ట్రెచర్ పక్కన నిలబడి "తొందరగా తియ్యమ్మా" అంటారు. రెండుచోట్లా కేస్ షీట్‌లో పడేది ఒకే టిక్కు. కాబట్టి "తాళి తీయాలని ముందే చెప్పారా, మీకు టైమిచ్చారా?" అని అడగండి. ఆడవాళ్లు ఈ జవాబు ఒక్కమాటలో చెప్పి ఊరుకోరు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకోండి.

ఎంత తరచుగా జరిగిందని అడిగే ప్రశ్నలకు జవాబులు నాలుగు చాలు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, ప్రతిసారీ. "ప్రతిసారీ" అన్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. 40 మందిలో 26 మంది అలా అంటే స్కోరు 65 శాతం. మార్కులేసి సరాసరి తీస్తే, ఒకరిని కసిరిన సంగతి మిగతావాళ్ల మంచి మార్కుల్లో కలిసిపోతుంది. ముప్ఫై జవాబులైనా రాకుండా శాతాలు కట్టొద్దు. వచ్చాక పగలు, రాత్రి షిఫ్టులు విడదీయండి. ఆరోగ్యశ్రీ పేషెంట్లను, డబ్బు కట్టినవాళ్లను విడిగా చూడండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఉంటే మేనేజ్‌మెంట్ ముందు పెట్టాల్సిన మొదటి విషయం అదే. సిస్టర్ల పేర్లతో మాత్రం జాబితా తయారు చేయొద్దు. ముప్ఫై మంచాలకు ఇద్దరినే వేసి ఓపిక లేదనడం న్యాయం కాదు.

కొందరు పేషెంటుకు హాడ్స్ (ఆందోళన, డిప్రెషన్ ఎంత ఉన్నాయో కొలిచే ప్రశ్నల కాగితం) లాంటి స్కేలు ఇచ్చి ఇదే కొలత అనుకుంటారు. 1983లో ఆసుపత్రి రోగుల కోసమే తయారైన మంచి స్కేలది. 14 ప్రశ్నల్లో ఏడు ఆందోళనకు, ఏడు డిప్రెషన్‌కు. నిద్ర, ఆకలి, నీరసం జబ్బువల్ల కూడా దెబ్బతింటాయి కాబట్టి అలాంటి వాటి జోలికి పోదు. కానీ అది పేషెంటు ఎలా ఉన్నాడో చెబుతుంది, మనం ఎలా చూసుకున్నామో చెప్పదు. క్యాన్సర్ అని అప్పుడే తెలిసిన మనిషికి ఎంత బాగా చూసుకున్నా టెన్షన్ ఉంటుంది. చేరిన రోజు ఆందోళనలోగానీ డిప్రెషన్‌లోగానీ స్కోరు 11 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సైకియాట్రిస్టుకు చెప్పారా, చెబితే ఎన్ని గంటల్లో వచ్చి చూశారు? మనల్ని కొలిచేది ఆ గంటలు.

ఫోన్‌లో ఎవరైనా బతకాలని లేదంటే సర్వే అక్కడే ఆపేయండి. ఇంట్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్లను దగ్గర ఉండమనండి. లైన్ కట్ చేయకుండానే ట్రీట్ చేసిన డాక్టరుకు కబురు పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేసేవాళ్లకు ఇది మొదటిరోజే నేర్పాలి, నంబరు సర్వే కాగితం పైనే అచ్చువేయించాలి.