మనసుకు స్వేచ్ఛ, బతుకుకు బాధ్యత: ఎలా అలవరచుకోవాలి?

వాన కురవకపోవడం, ధర పడిపోవడం, అన్నదమ్ములు మాట తప్పడం మన చేతిలో లేనివి. అవి జరిగాక ఏం చేయాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. ఆ కాస్త చోటును ఇతరులకు వదిలేసినవారికి ఎంత ఉన్నా సుఖం ఉండదని నా నమ్మకం. దాన్ని దక్కించుకోవడం సాధనతో వస్తుంది.

1. తప్పు వేరు, బాధ్యత వేరు

నల్గొండ భూగర్భ జలాల్లోకి ఫ్లోరైడ్ రాతి పొరల నుంచి చేరింది. ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. అయినా పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని ‘నీరి’ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి నల్గొండ పేరే స్థిరపడింది. కారణం ఎవరిదైనా, పని తమదనుకున్నవారు ముందుకొచ్చారు.

మీరూ ఒక కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు మిమ్మల్ని బాధపెడుతున్నది, అందుకు కారకులెవరో రాయండి. మొహమాటం వద్దు, ఎంత పొడవైనా ఫరవాలేదు. కుడివైపు ఈ వారంలో మీరు చేయగలిగినది ఒక్కటైనా రాయండి. ‘కొడుకు ఫోను చేయడం లేదు’ అన్నదానికి ఎదురుగా ‘ఆదివారం నేనే చేస్తాను, నిష్ఠూరాలు ఆడను’ అని రాసినా చాలు.

2. నలుగురి మాటకు ముందే హద్దు గీయండి

అసలు కష్టం ఇక్కడే. బత్తాయి తోట ఎండిపోతోందని రైతు బోరు వేయిస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగిన పెద్దమనిషి, కాయ నిటారుగా లేచిన చోట పాయింటు పెడతాడు. బోరు బండి హోరు రాత్రంతా ఆగదు. తడి మట్టి రావలసిన చోట తెల్లటి రాతి పొడి ఎగసిపడుతుంది. చుట్టూ నిలబడినవారిలో ఎవరో ‘ఇంకో వంద అడుగులు పోనీ, పక్క చేనులో అక్కడే పడ్డాయి నీళ్లు’ అంటారు. ప్రతి అడుగుకూ లెక్క పెరుగుతుంటుంది. అప్పు తెచ్చిన మనిషికి ఆపమనాలని ఉంటుంది, నోరు రాదు. ఆపితే పిరికివాడంటారేమోనని బెంగ.

అందుకే నిర్ణయం బండి రాకముందే జరగాలి. ఎంత లోతు, ఎంత ఖర్చు, నీళ్లు పడకపోతే ఏ పంట అన్నది ఇంట్లో కూర్చుని రాసుకోండి. ఆ కాగితం భార్య చేతిలో ఉండాలి. హద్దు దాటితే ఆపమనే హక్కు ఆమెకు ఇవ్వండి. ఆడపిల్ల పెళ్లికైనా, గృహప్రవేశానికైనా ఇదే పద్ధతి. ‘నలుగురు ఏమనుకుంటారో’ అనిపిస్తే, ఆ నలుగురి పేర్లూ రాసి చూడండి. అప్పు కట్టే నెలలో పక్కన నిలిచేది ఎవరో, వారి మాట వినండి.

3. ప్రేమగా కాదనండి

జామీను సంతకం విషయంలో మొహమాటం పనికిరాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా లేకపోతే, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవారితో సమానం. ‘బావా, సంతకం పెట్టలేను. ఈ ఐదు వేలు తీసుకో, తిరిగి అడగను’ అనవచ్చు. బావ కొన్నాళ్లు ముభావంగా ఉండవచ్చు. ఆ అలకను భరించడం కూడా సాధనే. ఒకవేళ సంతకం పెట్టారా, ఇక సణగకండి. అది మీరు ఎంచుకున్నదే.

4. తప్పు మీదైతే

‘కానీ’ చేర్చకుండా క్షమించమని అడగండి. జరిగిన నష్టంలో పూడ్చగలిగింది పూడ్చండి.

5. అన్నీ మీ నెత్తిన వేసుకోకండి

ఊరు విడిచి ముంబయికో పుణేకో పోయిన పాలమూరు కూలీకి మేస్త్రీ డబ్బు ఎగ్గొడితే, ‘నీ ఆలోచన మార్చుకో’ అని చెప్పడం అన్యాయం. తోటివారిని కలుపుకుని కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడం అక్కడ సరైన బాధ్యత. పని రోజులు, ఇచ్చిన అడ్వాన్సు, మేస్త్రీ ఫోను నంబరు మొదటి రోజు నుంచే నోటుపుస్తకంలో రాసి ఉంచుకుంటే ఫిర్యాదుకు బలం ఉంటుంది.

నిద్ర పట్టక, ఆకలి లేక, బతుకు మీదే విరక్తి కలుగుతుంటే ఈ కాగితాలన్నీ పక్కన పెట్టండి. ఇంట్లో ఒకరికి చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.